తీసేయడం కోసం పెట్టిన క్లాజు

లాయర్‌నని తెలిసినవాళ్ళందరూ నన్ను వీసా గురించే అడుగుతారు. నేను వెళ్ళిన ప్రతి తెలుగు చర్చిలోనూ, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, ఎవరో ఒకరు పేపర్ ప్లేటు పట్టుకుని పక్కన చేరతారు. వీసా నాకు తెలియదండీ, నాకు తెలిసింది జైలు ఒక్కటే అంటే నవ్వేసి, మళ్ళీ వీసా గురించే అడుగుతారు. లా చదువుతున్న మన పిల్లలు కొందరు ఈమధ్య, అంకుల్, మీరు అసలు ఏం పని చేసేవారు అని నేరుగా అడిగారు. వాళ్ళ కోసమే ఇది.

ఒక రాష్ట్ర గవర్నర్ కార్యాలయంలో నేర చట్టాల మీద సలహాదారుగా చేసి రిటైరయ్యాను. ఏ రాష్ట్రమో చెప్పను. ఇప్పుడుంటున్న పార్సిప్పనీ ఊరికి దానితో సంబంధం లేదు, కూతురు ఇక్కడుందని వచ్చాం. సలహాదారు అంటే ఏదో పెద్ద మాటలా వినిపిస్తుంది గానీ, చట్టం రాసేది నేను కాదు, దానికి ఓటేసేది నేను కాదు, సంతకం పెట్టేది అసలే కాదు. ఆ పనులు చేసేవాళ్ళ మధ్య తిరుగుతూ, ఎవరికి ఏది ఇస్తే ఎవరు ఊరుకుంటారో కనిపెట్టడం నా పని. తెనాలిలో మా నాన్న స్టీలు సామాన్ల కొట్టులో ఊరికే నేర్చుకున్నదానికి ఇక్కడ జీతం, హెల్త్ ఇన్సూరెన్స్ ఇచ్చారన్నమాట.

మా బజారులో గిన్నె కొనడానికి వచ్చిన మనిషి గిన్నెతోబాటు ఒక గెలుపు కూడా పట్టుకెళ్ళాలి. నాన్న చెప్పే ధరలో ఆ గెలుపుకి ముందే చోటుండేది. వాళ్ళు తగ్గించమనేవారు, నాన్న గుండె మీద చెయ్యేసుకునేవాడు, వాళ్ళు మెట్లు దిగేవారు, నాన్న వెనక్కి పిలిచేవాడు. అందరూ సంతోషించేవారు. ఒకసారి ఒకాయన చెప్పిన ధరకే మారుమాట లేకుండా బిందె కొనుక్కుని వెళ్ళిపోతే, నాన్న ఆ రోజంతా ముభావంగా ఉండిపోయాడు. వాడికి మనకి తెలియంది ఏదో తెలుసురా అన్నాడు.

ఆ గాలి నాకు గట్టిగానే పట్టింది. ధర అతికించి ఉన్న షాపుల్లో కూడా బేరమాడతానని మా ఆవిడ నాతో బజారుకి రావడం మానేసింది. ఆఫీసులోనూ అదే పద్ధతి. ఏ బిల్లు ముసాయిదా చేయించినా, నాకు కావలసినవాటితో పాటు అక్కర్లేనిది ఒకటి పెట్టించేవాణ్ణి. అవతలివాళ్ళు దాన్ని చూసి మండిపడేవారు. నేను బాధపడుతున్నట్టు ముఖం పెట్టి దాన్ని వదులుకునేవాణ్ణి. వాళ్ళు గెలిచి వెళ్ళేవారు, మిగతాది నాకు మిగిలేది. ఏళ్ళ తరబడి ఇది పారింది. నాకు నేనే ముచ్చటపడేవాణ్ణి.

ఇక అసలు సంగతి. ప్రొబేషన్ అంటే తెలుసుగా, జైలుకి పంపకుండా కొన్ని షరతులు పెట్టి బయట ఉండనివ్వడం. అధికారిని వచ్చి కలవాలి, క్లాసులకి వెళ్ళాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు, ఇలాంటివి. మా రాష్ట్రంలో అందులో ఏ ఒక్కటి తప్పినా జైలుకి పంపేయొచ్చు. కోల్డ్ స్టోరేజ్‌లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే ఒకతను, బస్సు రాక అపాయింట్‌మెంట్ తప్పిపోయి, జైల్లో కూర్చుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అతని తల్లి మా ఆఫీసుకి వచ్చి, బస్సు రాకపోవడం మావాడి నేరమా అని అడిగింది. అలాంటివాళ్ళు ఎందరో. అందుకని ఒక బిల్లు తలపెట్టాం. అపాయింట్‌మెంట్ లాంటి చిన్న షరతు మొదటిసారి తప్పితే హెచ్చరిక మాత్రమే, జైలు లేదు. నాకు కావలసింది అంతే.

ఆ 'అంతే' నా నోట్లోంచి ఎప్పుడూ అంతేగా రాదు. చివర ఒక క్లాజు చేర్చమన్నాను. మొదటిసారి మినహాయింపు చిన్న షరతులకే కాదు, అన్ని షరతులకీ వర్తిస్తుందని. అన్నిటిలోనూ, ఫలానా మనిషి దగ్గరికి పోకూడదన్న షరతు కూడా ఉంటుంది. భార్యని కొట్టి ప్రొబేషన్‌లో ఉన్నవాడికి కోర్టు పెట్టేది అదే. ప్రాసిక్యూటర్లు దాన్ని చూసిన నిమిషంలో కొట్టేస్తారని నా లెక్క.

బిల్లులు రాసిపెట్టే ఆవిడ ఒకరుండేవారు. రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న మనిషి, ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. ఆ క్లాజు చదివి, ఇది నీకు నిజంగా కావాలా అని అడిగారు. అక్కర్లేదు, వాళ్ళు తీసేస్తారు అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను రాసే ప్రతి మాటా చట్టమైపోతుందనుకునే రాస్తాను. నువ్వూ అలాగే అడిగితే బాగుంటుంది" అన్నారు.

నేను నవ్వాను. ఆవిడ నవ్వకుండా రాసిచ్చారు.

ప్రాసిక్యూటర్ల సంఘం తరఫున మాట్లాడటానికి ఒక పెద్దాయన వచ్చేవాడు. పొడుగ్గా, ఎండిపోయినట్టుండి, ఏది చెప్పినా ముందు కాసేపు కిటికీలోంచి బయటికి చూసి అప్పుడు జవాబు చెప్పేవాడు. తీసేయడానికని నేను పెట్టించిన ప్రతి ఎరనీ ఇన్నేళ్ళూ ఆయనే కొట్టేస్తూ వచ్చాడు. ఆ రోజు ముద్దాయిల కోసం వాదించే డిఫెన్స్ లాయర్ల తరఫున వచ్చిన అమ్మాయి కూడా అదే బల్ల దగ్గరుంది. పెద్దాయన ముసాయిదా మొదటి పేజీ తిప్పాడు, రెండోది తిప్పాడు, చివరి క్లాజు దగ్గర ఆగాడు. నేను బాధపడే ముఖం సిద్ధం చేసుకున్నాను. ఆయన కిటికీలోంచి చూశాడు. తర్వాత కాగితాలు సర్దుకుని, మాకు అభ్యంతరం లేదు, ఉన్నదున్నట్టు కానివ్వండి అని లేచి వెళ్ళిపోయాడు.

డిఫెన్స్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. మా బాస్ నాకంటే బాగా చిన్నవాడు, తెలివైనవాడు, కారిడార్‌లో భుజం తట్టి ఇంత త్వరగా ఎలా ఒప్పించావు అన్నాడు. నేను నవ్వుతూనే ఉన్నాను. చెప్పిన ధరకి బిందె పట్టుకుపోయిన మనిషి వీపు కనిపిస్తోంది నాకు.

అయినా సర్దిచెప్పుకున్నాను. కమిటీలో ఎవరో పట్టుకుంటారులే, సెనేట్‌లో తీసేస్తారులే అని. చేతిలోంచి జారిన వస్తువు కింద పడేలోపు ఇంకెవరో పట్టుకుంటారనుకోవడం ఎంత సుఖమో మీకూ ఉద్యోగంలో తెలుస్తుంది.

ఆ ఆదివారం చర్చిలో భోజనాల దగ్గర నేను ఈ బిల్లు గురించే గొప్పలు చెబుతున్నాను. మా చర్చి ఒక స్కూలు జిమ్‌లో జరిగేది. బాస్కెట్‌బాల్ వలల కింద మడత బల్లలు వేసి వడ్డించేవారు. క్వాయర్‌లో పాడే ఒక అమ్మాయి, ఫార్మసీలో పని, కాకినాడ వైపు వాళ్ళు, ప్లేటు పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. ఆ అమ్మాయి భర్త మీద కేసు అయిన సంగతి, అతను ప్రొబేషన్‌లో ఉన్న సంగతి, ఆమె దగ్గరికి రాకూడదని కోర్టు ఆర్డరున్న సంగతి చర్చిలో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ మాట్లాడరు. నేనూ మాట్లాడలేదు.

"అంకుల్, ఒక క్వశ్చన్" అంది. "ఫస్ట్ టైమ్ వయొలేట్ చేస్తే జైలు లేదన్నారు కదా. అన్ని కండిషన్స్‌కీనా?"

"అన్నిటికీ కాదమ్మా. అంటే... ఇప్పుడు డ్రాఫ్ట్‌లో అలా ఉంది. తీసేస్తారు."

"ఎవరు తీసేస్తారంకుల్?"

నేను ప్లేటులో అన్నం కలపడం మొదలుపెట్టాను. ఆమె దబాయించలేదు, ఏడవలేదు. తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు చెప్పింది.

"తనకి ఫస్ట్ టైమ్ చాలంకుల్. సెకండ్ టైమ్‌దాకా నేనుండను."

పక్కన ఎవరో వచ్చి, పెరుగన్నం పెట్టుకోలేదేం అన్నారు. ఆమె లేచి వెళ్ళి పెట్టుకుంది. నేను అక్కడే కూర్చున్నాను. ఇంటికి వెళ్ళేటప్పుడు మా ఆవిడ కారు నడుపుతూ, మాట్లాడవేం, ఒంట్లో బాలేదా అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు బాస్ గదిలోకి వెళ్ళి ఉన్నది చెప్పాను. ఎర సంగతితో సహా. అతను తల పట్టుకోలేదు, తిట్టలేదు, తలుపు మాత్రం మూశాడు. క్లాజు మనమే తీసేద్దాం అన్నాను. కుదరదన్నాడు. డిఫెన్స్ వాళ్ళు ఆ క్లాజు చూసే మద్దతిచ్చారు. ప్రాసిక్యూటర్లే ఒప్పుకున్నదాన్ని గవర్నర్ ఆఫీసు తీసేస్తే, వెనక్కి తగ్గారని లేచిపోతారు. వాళ్ళు లేస్తే కమిటీలో ఓట్లు చాలవు, బిల్లు మొత్తం పోతుంది. ఫోర్క్‌లిఫ్ట్ వాళ్ళందరూ మళ్ళీ జైలుకే. తీయమని అవతలివాళ్ళు అడగాలి, అప్పుడు మనం ఒప్పుకోవచ్చు అన్నాడు. అడిగించు, కానీ ఆ పెద్దాయనకి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, గుర్తుంచుకో అన్నాడు.

ఉంచితే ఆ అమ్మాయి గతేమిటి, తీస్తే ఆ తల్లి కొడుకు గతేమిటి. ఇలా రెండు వైపులా చిక్కుకోవడం నాకు కొత్త. నేను ఎప్పుడూ ఒకదాన్ని ఇచ్చి ఒకటి తెచ్చుకున్నవాణ్ణే.

కమిటీ హియరింగ్ రోజు పొద్దున, శాసనసభ ఉండే కాపిటల్ భవనం కింది అంతస్తు కెఫెటేరియాలో పెద్దాయన ఒక్కడే కాఫీ తాగుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను. దారి పొడుగునా కారులో రకరకాల మాటలు కట్టుకుని వచ్చాను. ఇది ఇస్తే అది, అది ఇస్తే ఇది. ఆయన ముఖం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. చివరి క్లాజు తీయమని మీరు అడగాలి అన్నాను.

ఆయన కిటికీ కోసం చూశాడు. అక్కడ కిటికీ లేదు. నన్నే చూశాడు.

"మా నాన్న పాత కార్లు అమ్మేవాడు" అన్నాడు. "కొట్టులో పెరిగింది నువ్వొక్కడివే అనుకున్నావా? ఇన్నేళ్ళూ నువ్వు నా కోసం ఒకటి పెట్టడం, నేను దాన్ని తీసి గెలిచానని ఇంటికి పోవడం. ఈసారి నీది నువ్వే ఉంచుకుంటావేమో చూద్దామనుకున్నాను."

ఆయన ఎత్తు నాకు అప్పుడు అర్థమైంది. ఆ క్లాజుతో బిల్లు బయటికి వెళితే, పేపర్లో ఎవరో రాస్తారు, గోల అవుతుంది, గవర్నర్ సంతకం పెట్టడు. క్లాజు బరువుకి బిల్లే మునిగిపోతుంది. ఆయన చెయ్యి కూడా తడవదు.

మునగదండీ అన్నాను. ఎందుకో చెప్పాను. ప్రాసిక్యూటర్లూ డిఫెన్సూ ఇద్దరూ ఒప్పుకున్న బిల్లుని ఈ భవనంలో ఎవరూ చదవరు. కమిటీ వాళ్ళు చదవలేదు, వాళ్ళ స్టాఫ్‌ని అడిగి చూశాను. పేపరు వాళ్ళకి గొడవ లేనిచోట వార్త లేదు. మీరు ఒప్పుకున్నారు గనకే ఇది ఉన్నదున్నట్టు చట్టమైపోతుంది. ఆ తర్వాత పేరు చెప్పకుండా ఆ అమ్మాయి సంగతి చెప్పాను. ఫస్ట్ టైమ్ చాలన్న మాట కూడా.

ఆయన కప్పు పక్కకి జరిపాడు. కోర్టుల్లో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసినవాడు. అలాంటి అమ్మాయిల ఫోటోలు ఎన్ని చూసి ఉంటాడో.

"నాకేమిస్తావు?" అన్నాడు చివరికి.

"ఏమీ తేలేదు."

"నిజంగా?"

"నిజంగా."

ఆయన కాఫీ కప్పు తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసి, కోటు తొడుక్కున్నాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు. పోతూ పోతూ, కమిటీ అధ్యక్షురాలు నిన్నేదైనా అడిగితే మటుకు అబద్ధమాడకు అన్నాడు.

కమిటీ గది చిన్నది. మా బిల్లు వంతు వచ్చింది. అధ్యక్షురాలు ఒకప్పుడు హైస్కూలు ప్రిన్సిపాల్‌గా చేసినావిడ, కళ్ళజోడు పైనుంచి చూస్తే సెనేటర్లు కూడా సరిగ్గా కూర్చునేవారు. బిల్లు పేరు చదివి, అందరూ ఒప్పుకున్నట్టున్నారే, వ్యతిరేకంగా మాట్లాడేవారున్నారా అని అడిగారు. పెద్దాయన నా ముందు వరసలోనే ఉన్నాడు. కదల్లేదు. ఆవిడ మళ్ళీ గది అంతా ఒకసారి చూశారు. కదల్లేదు. ఆయన వీపు చూస్తూ నేను చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. సరే, అయితే ఓటుకి వెళదాం అని ఆవిడ అంటున్నారు. అప్పుడు ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. ఆ మోకాళ్ళ నొప్పుల సంగతి నాకు ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ క్షణంలో తెలిసుంటే నా రక్తపోటు అంత పెరిగేది కాదు.

చివరి క్లాజు మీద మా అభిప్రాయం మార్చుకున్నాం, తీసేయాలని కోరుతున్నాం అన్నాడు. కూర్చున్నాడు.

అధ్యక్షురాలు ఆ క్లాజు తెరిచి చదివారు. చదువుతూండగా ముఖం మారింది. దీన్ని ఇక్కడ ఎవరు పెట్టారని గవర్నర్ ఆఫీసుని అడిగారు. గవర్నర్ ఆఫీసు అంటే, ఆ గదిలో, నేనే. బాస్ నా వైపు చూడలేదు. పక్కనే అమాయకంగా కాగితాలు సర్దుకుంటున్నాడు. లేచి మైకు దగ్గరికి వెళ్ళాను. మర్యాదగా తప్పించుకునే వాక్యాలు ఇంగ్లీషులో కోకొల్లలు ఉన్నాయి, వాటిల్లో చాలా వాటికి నేనే పితామహుణ్ణి. ఒక్కటీ వాడలేదు.

"నేనే పెట్టించాను, మేడమ్. తీసేయడం కోసం పెట్టించాను. ఎవరూ తీయలేదు."

వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆవిడ నవ్వలేదు. కళ్ళజోడు పైనుంచి చాలాసేపు చూశారు. నేను ఏడో తరగతిలో ఉన్నట్టు నిలబడ్డాను.

"ఈ బిల్లులో తీసేయడం కోసం పెట్టినవి ఇంకేమైనా ఉన్నాయా?"

"లేవు మేడమ్. మిగతాదంతా కావాలి."

ఆవిడ డిఫెన్స్ అమ్మాయి వైపు తిరిగి, మీ మాటేమిటి అని అడిగారు. నాకు అసలు భయం అక్కడే. ఆ పిల్ల ముఖం కందిపోయి ఉంది. నా వైపు చూసిన చూపులో బేరానికి చోటు లేదు. కానీ మైకు దగ్గరికి వచ్చి, బస్సు తప్పిన మనుషులు మిగతా బిల్లులో ఉన్నారు, వాళ్ళ కోసం మేము నిలబడతాం అంది. కూర్చోవడానికి వెళుతూ నా పక్కన ఆగి, ఇకనుంచి మీరు పంపే డ్రాఫ్టులు చివరి పేజీ నుంచి చదువుతాను అని చెవిలో చెప్పింది.

క్లాజు పోయింది. బిల్లు నిలబడింది. బయటికొచ్చి కారిడార్‌లో గోడకి ఆనుకున్నాను. ముసాయిదా రాసే ఆవిడ సవరించిన ప్రతి పట్టుకుని ఎదురొచ్చారు. ఏమైనా అంటారేమో, అనిపించుకుందాం అని నిలబడ్డాను. తీయడానికి కూడా మళ్ళీ నేనే రాయాల్సి వచ్చింది చూశావా అని మాత్రం అని, చక్కగా నవ్వి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నా వ్యాపారం దివాలా తీసింది. ఏ ముసాయిదా బల్ల మీద పెట్టినా, ఇందులో మా కోసం పెట్టింది ఏది అని అందరూ ముందే అడిగేవారు. ఏదీ లేదంటే నమ్మడానికి కొన్నాళ్ళు పట్టింది. నమ్మాక మీటింగులు సగానికి తగ్గిపోయాయి. కావలసినదే అడగడం, ఎందుకు కావాలో చెప్పడం, కుదరదంటే లేచి రావడం. ఇంత తేలికైన పనిని అన్నేళ్ళు అంత కష్టపడి చేశానా అనిపించింది. పెద్దాయన మాత్రం నిరాశపడ్డాడు. నీతో ఇప్పుడు సరదా లేదయ్యా అనేవాడు.

బిల్లు పాసయి, చట్టం అమల్లోకి వచ్చిన చలికాలంలో ఆ అమ్మాయి భర్త ఆమె అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి వచ్చి, ఆమె కారు పక్కన నిలబడ్డాడు. ఆమె పైనుంచే చూసి ఫోన్ చేసింది. వచ్చిన పోలీసులతో అతను, కొత్త చట్టం వచ్చింది కదా, ఫస్ట్ టైమ్ వార్నింగే కదా అని వాదించాడట. ఎక్కడో సగం విన్నాడు. అది అపాయింట్‌మెంట్లకి, దీనికి కాదు అని చెప్పి తీసుకెళ్ళారు. జడ్జి ప్రొబేషన్ రద్దు చేసి జైలుకి పంపాడు. ఈ మాట ఆమె ఫోన్‌లో చెబుతుంటే నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

తర్వాతి శనివారం చర్చిలో ఒక పెద్దమనిషికీ నాకూ కబురు పెట్టింది, కొంచెం బరువు జరపాలి, రాగలరా అంకుల్ అని. వెళ్ళాం. తలుపు తెరవడానికి చాలాసేపు పట్టింది. లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడు. సందులోంచి పక్కకి తిరిగి లోపలికి వెళ్ళాక చూశాం. బట్టల బీరువా, గట్టి చెక్కది, తలుపుకి అడ్డంగా పెట్టుకుని ఉంది. ఎన్నాళ్ళనుంచి అలా ఉందో మేము అడగలేదు. కార్పెట్ మీద దాని కాళ్ళు ఈడ్చిన చారలు మటుకు నలిగి నల్లబడ్డాయి.

ముసలాళ్ళిద్దరం ఆపసోపాలు పడుతూ దాన్ని బెడ్‌రూమ్‌లోకి మోశాం. ఆమె ఒక చివర పట్టుకుంది. ఇటు కాదు, కిటికీ పక్కకి అంది. అక్కడ పెట్టాక, లేదంకుల్, ఈ గదిలో మొదట దించిన చోటే బాగుంది అంది. మళ్ళీ మోశాం. టీ ఇచ్చింది. కేసు మాట ఎవరమూ ఎత్తలేదు. క్వాయర్‌లో ఈస్టర్‌కి ఏ పాట పాడాలో గొడవగా ఉందని చెప్పింది.

వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చింది. మేము కారిడార్ చివర లిఫ్ట్ దగ్గరికి చేరి, లిఫ్ట్ రాక నిలబడి, ఎందుకో వెనక్కి తిరిగి చూశాం. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో కప్పులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తలుపు బార్లా తెరిచే ఉంది.